పశువైద్యురాలి దరఖాస్తు

చెల్లికి,

నీ అక్క నిన్ను మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. "మేమంతా క్షేమం" అని రాద్దామంటే ఈ ఇంట్లో నేనూ, నా మోకాలి నొప్పీ తప్ప మరొకరు లేరు. అదీ క్షేమంగానే ఉంది, నన్ను వదిలిపోయే ఉద్దేశం దానికేమీ ఉన్నట్టు లేదు. అక్కడ నువ్వూ, పిల్లలూ, మరిదిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కవరు అంచు మీద జిగురు కాస్త ఎక్కువ పూసి ఉంది. నువ్వే అంటించావా? చిన్నప్పుడు జిగురు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని బద్ధకించి అన్నీ నాచేతే అంటింపించేదానివి. ఏమో, అడగాలనిపించి అడుగుతున్నాను. ఈ మధ్య నాకు ప్రతిదీ అడగాలనే అనిపిస్తోంది, ఏదీ అడగడానికి నోరు రావడం లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా మోకాలి సంగతి అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. పార్టీ ఆఫీసులో మా అభ్యర్థుల ఎంపిక కమిటీ కూర్చునేది పై అంతస్తులో. లిఫ్టు ఉంది. కానీ అందులో ఎవరితో కలిసి ఎక్కితే ఆ వర్గంలో కలిపేస్తారని భయపడి అందరూ మెట్లెక్కుతున్నారు, నేనూ ఎక్కుతున్నాను. నవ్వకు, నిజం. పిల్లదాని చదువు గురించి అడిగావు. లెక్కలంటే భయపడితే భయపడనీ, నువ్వు మాత్రం పక్కింటి పిల్లతో పోల్చకు. మన అమ్మ నన్ను నీతో పోల్చి పోల్చి నేను రాజకీయాల్లోకి వచ్చేలా చేసింది.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు అడిగావు. "మా ఊరి సీటు ఎవరికో తేలిందా అక్కా?" అని ఒకటి. "విరాళాల రూలు మీద ఓటింగు ఎప్పుడు?" అని ఇంకొకటి. చెల్లీ, నువ్వు పేపర్లో వంటల పేజీ తప్ప మరొకటి తిప్పేదానివి కాదు. విరాళాల రూలు నీకెందుకే?

వాటికి జవాబు చెప్పేముందు ఇక్కడ జరిగింది చెప్పాలి. కొంత పాత ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా రాశాను. రాయకుండా దాచింది కూడా ఈసారి రాస్తాను. పిల్లలు స్కూలుకు వెళ్ళాక, ఒక్కదానివే కూర్చుని చదువు.

మా గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. కిటికీలకు మందపాటి తెరలు, మధ్యలో పొడుగు బల్ల, గుమ్మం దగ్గర ఒక బుట్ట. లోపలికి వచ్చేవాళ్ళు ఆ బుట్టలో ఫోన్లు పడేయాలి. దేశం మొత్తం మీద ఏ సీటుకు ఎవరు నిలబడాలో అక్కడే మాట్లాడుకుంటాం. గదిలో అన్న మాట గదిలోనే ఉండాలి. ఆ కమిటీకి నన్ను కన్వీనర్ చేసినప్పుడే చెప్పేశాను, పోర్టు ఊరి సీటుకు దరఖాస్తు పెట్టిన బస్సుల యజమాని నా చెల్లెలి భర్త, ఆ సీటు చర్చకు వచ్చినప్పుడు నేను బయటికి వెళ్తాను అని. మా అధ్యక్షుడు, అదే పెద్దాయన, నవ్వేశాడు. "బంధువుల సీట్లకల్లా లేచి వెళ్తే, చివరికి ఈ గదిలో కుర్చీలే మిగుల్తాయమ్మా. కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సింది.

మా కోశాధికారి నీకు గుర్తున్నాడు కదా? అదే, అందరూ 'రసీదుగారు' అని పిలిచే మనిషి. టీకి డబ్బులిచ్చినా రసీదు అడుగుతాడు. పార్టీలోకి మేమిద్దరం ఒకేసారి వచ్చాం. గోడలకు పోస్టర్లు అంటించే రోజుల్లో నిచ్చెన ఎక్కేది నేను, కింద పట్టుకునేది తను. ఒక్కసారి కూడా నన్ను పడనివ్వలేదు. ఈ ఏడు తను పార్టీని బాగుచేయాలని రెండు రూళ్ళు పట్టుకొచ్చాడు. ఒకటి, ఏ ఊరి అభ్యర్థిని ఆ ఊరి సభ్యులే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. రెండోది, పార్టీకి ఎవరు ఎంతిచ్చారో బయటపెట్టాలి. డబ్బు రూపంలో ఇచ్చినా సరే, సభలకు ఊరికే బస్సులు పంపినా సరే. బస్సుల మాట వచ్చినప్పుడు బల్ల చుట్టూ కొందరు నావైపు చూశారు. పెద్దాయన మాత్రం గ్లాసులోని నీళ్ళవైపు చూశాడు. ఆ రూలు వస్తే మీ ఇంటి కన్నా ఆయన ఇంటికే ఎక్కువ ఇబ్బందని నాకు అప్పుడే అనిపించింది. అనిపించి ఊరుకున్నాను.

మీ ఊరి సీటు చర్చకు వచ్చిన రోజున, దరఖాస్తు పెట్టిన ఐసు ఫ్యాక్టరీ ఆయన గురించి రసీదుగారు ఒక మాట అన్నాడు. "ఆయన ఫ్యాక్టరీలో ఐసు గడ్డకట్టేది కరెంటుతో కాదు, ఆయన ఉపన్యాసంతో." గదంతా గొల్లుమంది. కొన్నాళ్ళకే ఆ ఐసు ఫ్యాక్టరీ ఆయన మనుషుల్ని వేసుకుని ఆఫీసు ముందు దిగాడు. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, మైకులో తనే చెప్పి "మూసిన గదిలో కూర్చుని నన్ను ఇలా వెక్కిరిస్తారా?" అని అడిగాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, పాపం.

ఆ సాయంత్రం పెద్దాయన నన్ను తన గదికి పిలిచాడు. కిటికీ తనే లేచి మూశాడు.

"నేనేమీ అనడం లేదమ్మా. ఆ మాట పుట్టింది ఒక నోట. అదే నోరు బయట కూడా అని ఉండొచ్చు కదా?"

"ఆయన అలాంటివాడు కాదండీ."

"నేనూ అదే అంటున్నాను, కాదు. మరి ఎవరంటారు?"

అంతే అన్నాడు. అగ్గిపుల్ల గీసి మన చేతికిచ్చి తను తప్పుకునే రకం. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మర్నాటి నుంచి రసీదుగారు వరండాలో గోడవైపు తిరిగి ఫోన్ మాట్లాడుతుంటే, గోడవైపు ఎందుకు తిరిగాడా అనుకున్నాను. లెక్కలు చూడటానికి మీ ఊరు వెళ్ళొస్తే, లెక్కలేనా అనుకున్నాను. నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని. కళ్ళకు పచ్చకామెర్లు వస్తే గోడ తెల్లగా ఎలా కనబడుతుంది?

విరాళాల రూలు ఓటింగుకు రావాల్సిన రోజున నేనే లేచి అన్నాను: "గదిలో మాట బయట అమ్ముకునే మనిషి ఈ గదిలో ఉన్నంతకాలం ఏ రూలూ చర్చించి లాభం లేదు." పేరు పెట్టలేదు కానీ చూపు పెట్టాను. గదంతా నా చూపు వెంట వెళ్ళి ఆయన మీద ఆగింది.

రసీదుగారు కుర్చీలోంచి లేచాడు. తర్వాత జేబులోంచి పార్టీ బీరువా తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వీటికి రసీదు ఇవ్వండి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన రాసిచ్చిన కాగితాన్ని రసీదుగారు మడిచి జేబులో పెట్టుకుని, బుట్టలోంచి ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయనతో పాటే రూళ్ళు రెండూ వెళ్ళిపోయాయి. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు పెద్దాయన, ఎంతో బాధపడుతున్నట్టు.

నీకు ఇదంతా రాసినప్పుడు "దొంగ దొరికాడు" అని రాశాను, గుర్తుందా?

దొంగ వెళ్ళిపోయాక కూడా మాటలు బయటికి పోతూనే ఉన్నాయి. మీ జిల్లా ఇన్‌ఛార్జిని మార్చాలని గదిలో అనుకున్నాం, అనుకున్న వారానికే మీ ఊళ్ళో ఆయన మనుషులు ధర్నాకు కూర్చున్నారు. మిగతా ఊళ్ళ సంగతులేవీ పొక్కలేదు. మీ ఊరివే పొక్కుతున్నాయి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం నీకు ఉత్తరం రాయడానికి కూర్చుని, ఏం రాద్దామా అని నీ పాత జవాబు తీశాను. "ఆ ఐసు మాటకు నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది అక్కా" అని నువ్వు రాసిన వాక్యం కనబడింది. ఆ ఐసు మాటా, ఇన్‌ఛార్జి సంగతీ రెండూ నీకు రాసింది నేనే.

ఫోన్లో ఎవరు వింటారో అన్న భయంతోనే కదా మనం ఉత్తరాలు మొదలుపెట్టింది!

ఇక్కడి దాకా చదివావు కాబట్టి ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. పోయిన ఉత్తరంలో "మీ ఊరి సీటు మీ పశువైద్యురాలికి దాదాపు ఖాయం, ఎవరికీ చెప్పకు" అని రాశాను కదా. అది అబద్ధం. ఆమె దరఖాస్తే పెట్టలేదు. గదిలో ఆమె ఊసే ఎవరూ ఎత్తలేదు. మీ కుక్కకు కాలు బాగుచేసిందని నువ్వు మెచ్చుకుంటూ రాసిన మనిషి కాబట్టి ఆవిడే నా కలానికి తగిలింది. ఆ మాట ఈ లోకంలో నాకూ నీకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. అది బయటికి వస్తుందా రాదా చూద్దామని రాశాను. నా చెల్లెలికి నేను గాలం వేశాను. రాకూడదని ఎంత కోరుకున్నానో నీకు తెలియదు.

వచ్చింది. ఆఫీసు ముందు జనం దిగి "పశువుల డాక్టరుకు సీటా?" అని అరుస్తుంటే నేను పైనుంచి తెర పక్కకు జరిపి చూశాను. వాళ్ళు దిగిన బస్సుల రంగు నాకు తెలుసు. మీ పెళ్ళయిన కొత్తలో ఆ రంగు నేనే ఎంచిపెట్టాను.

ఆ మర్నాడు ఆ డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మేడం, నేను ఆవులకు సూదులేసుకుని బతికేదాన్ని. పొద్దున వచ్చేసరికి నా ఆసుపత్రి గేటు మీద 'సీటు కొనుక్కున్న డాక్టరు' అని రంగుతో రాసుంది. దూడను తీసుకొచ్చిన మనిషి అది చదివి గేటు దగ్గరే వెనక్కి తిరిగాడు. ఆ దూడ బతికిందో లేదో కూడా నాకు తెలీదు. నా పేరు ఎవరు పెట్టారండీ?"

బుకాయించొచ్చు. మా గదిలో ఇన్నేళ్ళు కూర్చున్నదానికి ఆ మాత్రం బుకాయింపు చేతకాదా? కానీ ఆ దూడ మాట విన్నాక అబద్ధం రాలేదు. "నేనే" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

డాక్టరమ్మ అంతా వింది. తర్వాత, "మీ ఇంటి దొంగను పట్టుకోవడానికి నా మెడలో గంట కట్టారా?" అంది. ఫోన్ పెట్టేసింది.

అక్కడి నుంచి తిన్నగా రసీదుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, "లోపల ఉన్నారు" అని మాత్రం అని పక్కకు జరిగింది. ఎప్పుడూ నా చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళే మనిషి. ఆయన వంటింట్లో కారుతున్న కుళాయి విప్పి కూర్చున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. కుళాయి బిగించడం ఆపలేదు.

"ఒక్క మాట నన్నే అడిగి ఉండాల్సింది" అన్నాడు చివరికి.

"అడిగితే నిజమే చెబుతావని ఎలా నమ్మేది?"

"నమ్మకపోయినా అడగాలి. అడగడం మర్యాద. నమ్మడం నీ ఇష్టం." కుళాయి తిప్పి చూసి, "మీ చెల్లెలిని అడిగావా?" అన్నాడు.

"లేదు."

"మళ్ళీ అదే పని చేశావన్నమాట" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది చెల్లీ. జాలిగా అన్నాడు.

తర్వాతి మీటింగులో నేను లేచి, బయటికి మాట మోసింది నేనేనని చెప్పాను. నువ్వు కాదు, మరిదిగారు కాదు. నా చేత్తో నేనే రాసి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపాను. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారితేనేం? అంతకుముందు నేను చూపు పెట్టి వెళ్ళగొట్టిన మనిషికి ఏ పాపమూ తెలియదని కూడా చెప్పాను.

పెద్దాయన చేతులు జోడించాడు. "ఇది ఇంటి విషయమమ్మా. ఈ గదిలోనే ఉంచుదాం. మీరు మనసు కష్టపెట్టుకోకండి." అంత తేనె పూసి మాట్లాడితే నాకు ఇంకా అనుమానం వచ్చింది. రసీదుగారు తిరిగి రాకూడదు, అంతేగా మీకు కావాల్సింది అనుకున్నాను. "ఇంటి విషయమైతే నేను ఇంట్లోనే కూర్చుంటాను. కన్వీనర్‌గా వేరేవాళ్ళను చూసుకోండి. కానీ ఆయన్ని పిలిచి, అందరి ముందూ తాళాలు తిరిగి ఇవ్వండి. లేదా ఇదే సంగతి కింద వరండాలో నిలబడి పత్రికలవాళ్ళకు చెబుతాను" అన్నాను.

పిలిచారు. వచ్చి తాళాలు తీసుకుని, జేబులోంచి ఆ పాత రసీదు తీసి చించేశాడు. నా వైపు చూడలేదు. అప్పుడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, "ఆ బస్సుల ఆయన దరఖాస్తు కొట్టేద్దాం" అన్నాడు. అంత తొందరెందుకో నాకు అర్థమైంది. ఆ ఖాళీలో నిలబెట్టడానికి ఆయన దగ్గర మనిషి సిద్ధంగా ఉన్నాడు.

"కొట్టేయడం దేనికి?" అన్నాడు రసీదుగారు. "ఆయన చేసింది తప్పో ఒప్పో ఆ ఊరి సభ్యులు తేలుస్తారు. రహస్య ఓటు రూలు ఆ ఊరితోనే మొదలుపెడదాం. దరఖాస్తులకు ఇంకా గడువుంది."

చేతులెత్తారు. రహస్య ఓటు వైపు ఒక్క చెయ్యి ఎక్కువ లేచింది. విరాళాల రూలు మాత్రం మళ్ళీ వాయిదా పడింది. అన్నీ ఒక్కరోజే దక్కవు. నేనిప్పుడు కన్వీనర్‌ని కాను, మామూలు సభ్యురాలిని. నిజం చెప్పనా, లిఫ్టు ఎక్కుతున్నాను.

గడువు ముగిసేలోపు పశువైద్యురాలి దరఖాస్తు వచ్చింది. "తిట్లు ఎలాగూ తిన్నాను, సీటుకు నిలబడితే నష్టమేముంది?" అని ఆఫీసులో అన్నదట. ఈ మాట నేను దాచనక్కర్లేదు, పేపర్లోనూ వచ్చింది. కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: మీ ఊరి సీటు ఎవరిదో తేలలేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయన, మరిదిగారు, ఆ డాక్టరమ్మ. ముగ్గురిలో ఎవరో మీరే తేల్చాలి.

మరిదిగారూ, ఈ కాగితం ఇప్పుడు మీ చేతిలోనే ఉంటే, ఈ నాలుగు ముక్కలూ మీకు. మీరు నన్ను టికెట్ అడగనని పెళ్ళిలో పెట్టిన బట్టల మీద ఒట్టేసినట్టు చెప్పారు. నిలబెట్టుకున్నారు, నోటితో అడగలేదు. మీ మీద ఇప్పుడు నేను ఎవరికీ ఫిర్యాదు చేయను. ఆ ఆసుపత్రి గేటుకు మాత్రం మీ బస్సుల షెడ్డులోని మనిషిని పంపి రంగు వేయించండి. ఇక చదివింది చాలు. మిగతాది నా చెల్లెలిది, ఆమె చేతికివ్వండి.

చెల్లీ, ఇప్పుడు చదువుతున్నది నువ్వేనని అనుకుంటాను. అనుకోవడమే తప్ప దారి లేదు. ముందే అడగాల్సిన మాట ఇప్పుడు అడుగుతున్నాను. నా ఉత్తరాలు నువ్వు ఆయనకు చదివి వినిపించావా? లేక నీకు తెలియకుండా ఆయనే తీసి చదివాడా? ఆ రెండు ప్రశ్నలూ నీవేనా, ఆయన పక్కన కూర్చుని రాయించాడా? నవ్వొచ్చి మొగుడికి చదివి వినిపించావంటే అందులో నీ నేరమేమీ లేదు, రాయకూడనిది రాసింది నేను. రాయించాడంటే మాత్రం, అక్కడ నువ్వెలా ఉన్నావో నాకు తెలియాలి. జవాబు ఏదైనా ఈ ఇంట్లో నీ మంచం నీదే. నువ్వు ఏం రాస్తే అది నమ్ముతాను. గాలాలు ఇక వేయను.

ఇంకొక్క మాట. నీకూ పార్టీ సభ్యత్వం ఉంది కదా, ఓటు రోజున నీ చేతికీ ఒక చీటీ ఇస్తారు. తెర వెనక్కి ఒక్కదానివే వెళ్ళాలి. మరిదిగారు నీతో రాకూడదు, రూలు ఒప్పుకోదు. ఎవరైనా కాదంటే అక్కడ రసీదుగారు ఉంటాడు, చెప్పు. ఎవరికి వేశావో ఇంట్లో చెప్పాల్సిన పని లేదు.

నాకూ రాయకు.

ఇట్లు,
నిన్ను ముందే అడగాల్సిన
నీ అక్క